కీలు దగ్గర సున్నా

చంద్రపూర్, జట్‌పురా గేటు
జూన్, 1996

చిరంజీవి కోమలకు మేనమామ ధనరాజ్ దీవెనలు.

నువ్వు అడిగిన క్యాసెట్లు ఈ పార్సిల్‌లో ఉన్నాయి. పన్నెండు మంది గొంతులు. అందరినీ నా ఎస్టీడీ బూత్‌లో కూర్చోబెట్టి నువ్వు రాసి పంపిన వాక్యాలన్నీ చెప్పించాను. చదువు వచ్చినవాళ్ళు చదివారు. రానివాళ్ళకు నేను చెవిలో ఊదితే వాళ్ళు మైకులో అప్పజెప్పారు, పెళ్ళిపీటల మీద మంత్రం అప్పజెప్పినట్టు. ఈ చాకిరీకి నీ డాక్టరేట్‌లో సగం నాకు రావాలి. ఏడో తరగతి తప్పినవాడికి సగం చాలు.

ఆ వాక్యాలు ఎవడు రాశాడు బిడ్డా? "చెరువులో ఏనుగు ఈదింది" అట. మాజ్రి గనిలో పనిచేసే మన భూమన్న అది విని మైకు పక్కకు నెట్టాడు.

"గిదేం మాట ధనరాజ్? చెర్వుల మోకాలుమంటి నీళ్లు లెవ్వు. ఏనుగెట్ల ఈదుతది?"

"నీకెందుకురా? ఏనుగు ఈదితేనే మా కోడలుపిల్లకు పుణెల డిగ్రీ ఇస్తరట."

"గట్లయితే ఈదనియ్" అని దయతలిచి చెప్పాడు.

నీతో బడికొచ్చిన అర్చన ఊర్జానగర్ నుంచి మొగుడి స్కూటర్ మీద వచ్చి మరీ చదివింది. రాజురా సంతకు వచ్చే మొగిలి, పోశం అనే ఇద్దరు రైతులను కూడా పట్టుకొచ్చాను. నువ్వు చూడలేదు, మంచి గొంతులు. నాదీ ఒకటి ఉంది.

మీ బాపు అందరికంటే చివర చెప్పాడు. ఆయన రేకుల కొట్టుకూ నా బూత్‌కూ మధ్య గోడ ఒక్కటే గదా, ఆ గోడ దాటించడానికి రెండు రోజులు బతిమాలాను. బీడీ ఆర్పి చెప్పు బావా అంటే "నా గొంతు, నా ఇష్టం" అన్నాడు. ఈ మధ్య బాగా బొంగురుపోయాడు. రేకుల చప్పుడు మీద అరిచీ అరిచీ అట్లా అయింది అంటాడు.

ఇంకో కబురు. మొన్న మీ బాపు గొంతుతో మిఠాయి కొట్టు ప్రేమ్‌కు ఫోన్ చేసి "ప్రేమ్‌సేట్, రెండు కిలోల జిలేబీ మా కొట్టుకు పంపు" అన్నాను. పంపాడు. బావ నన్ను తిట్టాడు. తిడుతూనే సగం తిన్నాడు.

మీ మామ,
ధనరాజ్


పుణె, హాస్టల్
జూలై, 1996

మామకు,

దీవెనలు అందాయి. క్యాసెట్లు కూడా అందాయి. మొగిలిని, పోశంను అడిగినట్టు చెప్పు. ఎందుకంటే ఆ ఇద్దరూ నువ్వే.

ఎట్లా దొరికిపోయావో చెప్తాను. పుస్తకంలో దీనికున్న పేరు రాస్తే ఉత్తరం చించేస్తావు, అందుకని మన కొట్టు భాషలో రాస్తున్నాను.

ఒక మనిషి గొంతును చిన్న చిన్న ముక్కలుగా కోస్తాను. బొంగురు ఎంత, కీచు ఎంత అన్నట్టు ఒక్కో ముక్కకు కొన్ని అంకెలు వస్తాయి. ఆ అంకెలు కలిస్తే ఒక చుక్క. ఒకే మనిషి చుక్కలు ఇష్టమొచ్చినట్టు చెదిరిపోవు, చదునైన రేకు మీద జల్లినట్టు పరుచుకుంటాయి. గట్టిగా అరిస్తే చుక్క దూరం పోతుంది, మెల్లగా చెప్తే దగ్గరికొస్తుంది. కానీ రేకు దాటదు. ఏమీ మాట్లాడకపోతే అది సున్నా. ఎవరి రేకైనా ఆ సున్నా గుండా పోవాల్సిందే.

అన్ని రేకులూ అక్కడ కలుస్తాయి కాబట్టి వాటి మధ్య దూరాన్ని బెత్తెడు, మూరెడు అని కొలవలేం. ఒకదాని నుంచి ఇంకోటి ఎంత తిరిగి ఉందో చూడాలి. మొదట నేను అవి ఎక్కడ బాగా దగ్గరగా ఉన్నాయో అక్కడ కొలిచాను. నవ్వులపాలయ్యాను. నీకూ అర్చనకూ దూరం సున్నా! భూమన్నకూ బాపుకూ సున్నా! మా సార్ చూసి "నీ ఊళ్ళో అందరిదీ ఒకే గొంతా?" అన్నారు. వారం రోజులు తల పట్టుకున్నాక తెలిసింది. నీ టేప్ రికార్డర్ మోటారు గుర్రుమంటోంది మామా. ఆ గుర్రు అందరి క్యాసెట్‌లోనూ ఉంది. నేను కొలిచింది దాన్ని.

బాపు కొట్లో తలుపు చూడు. ఎంత బార్లా తెరిచినా కీలు దగ్గర గోడకు అంటుకునే ఉంటుంది. కీలు దగ్గర కొలిచి దూరం సున్నా అంటే దొంగ లోపలికొస్తాడు. అంచు దగ్గర కొలవాలి. అంటే ఈ రేకులో అవతలి రేకుకు అన్నిటికంటే దూరంగా పోయిన వైపు ఏదో అది చూడాలి.

అంచు దగ్గర కొలిచేసరికి అందరూ విడివిడిగా వచ్చారు. మొగిలి, పోశం మాత్రం నీ మీద మూసుకున్న తలుపుల్లా పడి ఉన్నారు. ఇంకో తమాషా ఏమిటంటే, వాళ్ళ నుంచి నీ దగ్గరికి దూరం లేదు, నీ నుంచి వాళ్ళ దగ్గరికి ఉంది. నీది అందరికంటే పెద్ద రేకు. గీత రేకు మీద ఉంటుంది, రేకు గీత మీద ఉండదు గదా. నువ్వు పది మంది గొంతులు తీసినా అవన్నీ నీలోనే పడతాయి, నువ్వు ఒక్కదానిలోనూ పట్టవు.

ఇది నవ్వులాట కాదు మామా. డిసెంబరులో సమీక్ష. అక్టోబరులో అదే మనుషులతో అవే వాక్యాలు మళ్ళీ చెప్పించాలి. నెలలు గడిచినా ఒక మనిషి తనకు తాను దగ్గరగా రావాలి, పక్కవాళ్ళకు దూరంగా రావాలి. రాకపోతే నా ఫెలోషిప్ ఆగుతుంది, పెట్టె సర్దుకోవాల్సిందే. అమ్మ జబ్బుపడి పోయినప్పుడు ఏడాది ఆపాను. ఇంకోసారి ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

ఆ ఇద్దరు దొంగలను తీసేసి నిజమైన మనుషులను పంపు.

కోమల


చంద్రపూర్
ఆగస్టు, 1996

కోమలా,

నా గొంతు పట్టినవాడు ఈ జిల్లాలో పుట్టలేదనుకున్నాను. తహసీల్దారును మోసం చేశాను, ఆయన పెళ్ళాన్నీ మోసం చేశాను. చివరికి కంప్యూటర్ చేతిలో పడ్డాను, అదీ నేను సినిమా పోస్టర్లు చూపించి అక్షరాలు దిద్దించిన పిల్ల కంప్యూటర్. మంచిదే. రాజురా నుంచి ఇద్దరు అసలు రైతులను పట్టుకుని చెప్పించాను. క్యాసెట్ ఇందులో ఉంది. వీళ్ళ పొలాలు, ఎడ్లు కూడా నిజమే, కావాలంటే వాటితో కూడా చెప్పిస్తాను.

నీ ఉత్తరం మీ బాపుకు చదివి వినిపించాను. తెలుగు చదవడం రాదని బయటికి చెప్పడు గదా, "కండ్లద్దాలు ఇంట్ల ఉన్నయ్" అన్నాడు. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. తలుపు సంగతి దగ్గరికొచ్చేసరికి నేను లేచి కొట్టు తలుపు తెరిచి మూసి, మూసి తెరిచి చూపించాను.

"బావా, చూడు. నీ బిడ్డ గీ తలుపుతోటి సైన్సు చేస్తుంది."

"కొంటవా, ఉత్తగనే ఆడిస్తవా? కీలు అరుగుతది" అన్నాడు.

తరవాత కాసేపటికి, తల ఎత్తకుండానే, "మంచిగున్నదా పిల్ల?" అన్నాడు. బాగుందన్నాను.

బావ సరుకు కోసం నాగపూర్ వెళ్తున్నాడు. ఈసారి ఎక్కువ రోజులు పట్టొచ్చు. కొట్టు నేనే చూస్తాను. ఒకటి రెండు ఆదివారాలు ఫోన్ రాకపోతే కంగారుపడకు. నువ్వు చేయకు కూడా, లైన్లు బాగులేవు.

ధనరాజ్


పుణె
సెప్టెంబరు, 1996

మామకు,

నిజమైన ఎడ్లు వద్దుగానీ నిజమైన రైతులు చాలా బాగా వచ్చారు. ఒకరికొకరు దూరం, నీకు ఇంకా దూరం.

మూడు ఆదివారాలు ఫోన్ లేక భయపడ్డాను. నాలుగో ఆదివారం బాపు చేశాడు. లైన్లో గరగర ఉంది, గొంతు కాస్త తేటపడ్డట్టుంది. బీడీలు తగ్గించాడా?

మామా, ఒక మాట చెప్పనా? బాపు మారాడు. నీకు తెలుసుగదా, ఇన్నేళ్ళుగా ఆయన ఫోన్ అంటే "తిన్నవా?" "తిన్న బాపూ." "సరే, పెడుతున్న." అంతే. ఇప్పుడు అడుగుతున్నాడు. నీ సార్ కోప్పడతాడా అని, పక్క మంచం పిల్ల ఏ ఊరని, ఆ తలుపు లెక్క ఎంతదాకా వచ్చిందని. మొన్న "నీ ఎడమ చెయ్యి వేలు ఇంకా చలికి తిమ్మిరి పడతదా?" అన్నాడు. చిన్నప్పుడు కొట్టు షట్టర్ కింద ఆ వేలు నలిగింది. అమ్మకు చెప్పొద్దని ఏడిస్తే బాపు ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా ఇప్పుడే తెలుస్తోంది. ఫోన్ పెట్టేశాక హాస్టల్ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఏడవలేదులే. సంతోషమేసింది.

ఇన్నేళ్ళు ఈ మాటలన్నీ ఎక్కడ దాచుకున్నాడో.

రెండో విడత క్యాసెట్ కోసం చూస్తుంటాను. అదే టేప్ రికార్డర్, అదే బూత్, అదే మైకు. దయచేసి ఏ వేషాలూ వద్దు.

కోమల


చంద్రపూర్
అక్టోబరు, 1996

కోమలకు,

క్యాసెట్లు పంపుతున్నాను. పన్నెండు మందీ ఉన్నారు. ఏనుగు మళ్ళీ ఈదింది. భూమన్న ఈసారి అడగలేదు, అలవాటైపోయింది.

నీ పోయిన ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి పైకి.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. లెక్క ఏం చెప్తే అది నమ్ము. వచ్చినదాన్ని వచ్చినట్టు నమ్ము. నన్ను నమ్మకు. నన్ను నమ్మి బాగుపడినవాడు ఈ బజార్లో ఒక్కడూ లేడు.

ధనరాజ్


పుణె
నవంబరు, 1996

మామకు,

నా పని మునిగింది.

పదకొండు మంది అద్దంలో చూసినట్టు వచ్చారు. భూమన్న జూన్ రేకూ అక్టోబరు రేకూ అతుక్కుపోయాయి. నీవి కూడా. అర్చనకు జలుబు చేసినట్టుంది, అయినా తనకు తాను దగ్గరే. ఒక్క బాపు రాలేదు. జూన్ బాపుకూ అక్టోబరు బాపుకూ మధ్య తలుపు బార్లా తెరిచి ఉంది. భూమన్నకూ అర్చనకూ ఎంత దూరమో, బాపుకూ బాపుకూ అంత దూరం.

నాలుగుసార్లు లెక్క వేశాను. చెవిపెట్టి వింటే మాత్రం బాపే. దగ్గే తీరు కూడా బాపుదే. చెవి ఒకటంటోంది, కొలత ఇంకోటంటోంది. మా సార్ ఒకే మాట అన్నారు: "సొంత తండ్రిని గుర్తుపట్టని కొలతను సమీక్షలో ఎవరు నమ్ముతారు?"

రెండు దారులున్నాయి. ఒకటి, మళ్ళీ కీలు దగ్గరే కొలవడం. అక్కడైతే బాపు బాపుకు అంటుకునే వస్తాడు. కానీ అందరూ అందరికీ అంటుకునే వస్తారు, అది దొంగలెక్క. రెండోది, బాపు వరుస కొట్టేసి పదకొండు మందితో వెళ్ళడం. క్యాసెట్ పాడైందని ఒక మాట రాస్తే ఎవరూ అడగరు. అదే చేద్దామనుకుంటున్నాను. మనసొప్పడం లేదుగానీ ఇంకేం చేయను?

బాపుకు ఇది చెప్పకు. ఆయన గొంతు వల్లే నా పని చెడిందని బాధపడతాడు.

కోమల


చంద్రపూర్ (అర్జెంటు, స్పీడ్‌పోస్టు)
నవంబరు, 1996

కోమలా!

కొట్టేయకు! ఆ వరుస మీద చెయ్యి వేశావంటే పుణె వచ్చి మీ హాస్టల్ ముందు మీ సార్ గొంతుతో పాట పాడతాను.

నిన్ను తెలివిగలదానివని ఊరంతా చెప్పుకుని తిరిగాను. సిగ్గుపోతోంది. బావ బావకు దూరమయ్యాడు, సరే. మరి ఎవరికి దగ్గరయ్యాడు? అది కొలిచావా? రేకు అన్నాక ఎక్కడో ఒకచోట ఆనుకోవాలి గదా. మొగిలిని, పోశంను ఎట్లా పట్టావో మర్చిపోయావా? అప్పుడు పోలీసు కుక్కలా వాసన పట్టావు. ఇప్పుడు బాపు అనేసరికి కళ్ళకు గంతలు కట్టుకున్నావు. నీ చెవి బాపు అంటే బాపేనా? ప్రేమ్ చెవి కూడా అట్లాగే అంది, రెండు కిలోల జిలేబీ పంపాడు.

నీ కొలత మంచిది. మునిగింది నీ పని కాదు.

ఇంతకంటే రాయలేను. రాయకూడదు కూడా. లెక్క వెయ్యి.

ధనరాజ్


పుణె
నవంబరు, 1996

మామా,

వేశాను.

అక్టోబరు బాపు నుంచి నీ దగ్గరికి దూరం లేదు. మొత్తం నీ రేకులో పడి ఉన్నాడు, మొగిలి పడ్డట్టే.

ఫోన్ చేద్దామని హాస్టల్ కింద బూత్‌కు వెళ్ళాను. అంకెలు సగం నొక్కాక ఆగిపోయాను. ఎవరు ఎత్తుతారు? బాపు గొంతుతో "తిన్నవా" అంటే నేనేం చేయాలి? ఊర్జానగర్‌కు చేశాను. అర్చన మొదట మాట దాటేసింది, తరవాత ఏడ్చి చెప్పేసింది. నాగపూర్‌కు వెళ్ళింది సరుకుకోసం కాదని, గొంతులో గడ్డని, స్వరపేటిక తీసేశారని, ఇప్పుడు మెడకు ఉన్న రంధ్రంలోంచి గాలి పీలుస్తున్నాడని, ఏం కావాలన్నా పలక మీద మరాఠీలో రాస్తున్నాడని. గడ్డ మొత్తం తీశారు, ప్రాణభయం లేదన్నారట.

ఆ రాత్రి బండికే బయల్దేరేదాన్ని. అర్చన కొట్టుకు పరుగెత్తి బాపుకు చెప్పింది, ఆయన పలక మీద "ఆధీ కామ్, మగ్ యే" అని రాశాడట. ముందు పని, తరవాత రా అని. పది రోజుల్లో సమీక్ష. ఆయన మాట మీద ఆగాను, నీ మీద కోపంతో కూడా ఆగాను. ఇప్పుడు వస్తే నిన్ను ఏమంటానో నాకే తెలియదు.

ఒక్కటి చెప్పు, వేషాలు లేకుండా. ఇన్ని ఆదివారాలు నాతో మాట్లాడింది నువ్వే. నా సార్ గురించి, పక్క మంచం పిల్ల గురించి అడిగింది నువ్వే. నేను మెట్ల మీద కూర్చుని మా బాపు మారాడని సంతోషపడ్డాను. నీకు ఉత్తరం కూడా రాశాను. చదువుతూ నవ్వుకున్నావా?

కోమల


చంద్రపూర్
డిసెంబరు, 1996

కోమలా,

నవ్వుకోలేదు.

ఆపరేషన్ ముందురోజు వార్డులో బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన గొంతుతో నేను విన్న చివరి పెద్ద మాట ఇదే:

"బామ్మర్దీ, కోమలకు చెప్పకు. నోటితోటి చెప్పొద్దు, రాసి చెప్పొద్దు. తల్లికోసం ఏడాది ఆగింది. నా గొంతుకోసం ఆగద్దు. పరీచ్ఛ అయినంక నేనే చెప్త."

"నువ్వెట్ల చెప్తవ్ బావా?" అన్నాను. అనకూడని మాట, జారింది. ఆయన మా అక్క మీద ఒట్టు వేయించుకున్నాడు.

నోటితో చెప్పలేదు. రాసి చెప్పలేదు. లెక్కతో చెప్పొద్దని బావ అనలేదు, నేను గుర్తు చేయలేదు. క్యాసెట్‌లో ఆయన గొంతు లేకుండా పంపితే ఎందుకు లేదని నువ్వు అడుగుతావు, నేనొక అబద్ధం రాస్తాను, నువ్వు నమ్ముతావు. గొంతు పెట్టి పంపితే నీ తలుపు పట్టుకుంటుందని నాకు తెలుసు. ఒకసారి నన్ను పట్టుకున్నదే గదా. పరీక్ష అయ్యేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. ఆదివారం ఆదివారం నువ్వు నవ్వుతుంటే ఈ చెవి కాలిపోయేది. నువ్వు పట్టుకుంటావనుకున్నానుగానీ, పట్టుకున్నదాన్ని తప్పనుకుని పారేయబోతావని అనుకోలేదు.

ఇక నువ్వు అడిగిన మాట. ఫోన్‌లో గొంతు నాది. అడిగింది నేను కాదు.

బూత్‌లో ఒక్క మనిషి పట్టే చోట ఇద్దరం నిలబడేవాళ్ళం. బావ చేతిలో పలక. ఆయన రాస్తాడు, నేను మరాఠీ చూసి తెలుగులో ఆయన గొంతుతో అంటాను. నువ్వు చెప్పేది వినడానికి ఆయన చెవి కూడా రిసీవరుకే ఆనించేవాడు, ఆ గడ్డం నా చెంపకు గుచ్చుకునేది. నీ సార్ సంగతి ఆయనదే. పక్క మంచం పిల్ల సంగతి ఆయనదే. వేలు సంగతి చూసి నేను తెల్లముఖం వేశాను. ఏం వేలు బావా అని కళ్ళతో అడిగితే, పలక మీద వేలుతో కొట్టి "విచార్" అని పెద్దగా రాశాడు. అడుగు అని. అడిగాను. ఆ వేలు సంగతి ఏమిటో నీ ఉత్తరం వచ్చాకే నాకు తెలిసింది. నువ్వే రాశావు, ఆ సంగతి మీ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదని. అది నీ కొలతలో వేసి చూసుకో.

గొంతు ఉన్నప్పుడు ఆయన "తిన్నవా" దాటి ఒక్కమాట అడగలేదు. పలక చేతికొచ్చాక ఆపడం నా వల్ల కాలేదు. తుడిచీ తుడిచీ చొక్కా చెయ్యి తెల్లగా అయ్యేది.

ఇప్పుడు ఏమైనా అను. చెవులు రెండూ ఇక్కడే ఉన్నాయి.

ధనరాజ్


పుణె
జనవరి, 1997

మామకు,

ఇంటికొచ్చినప్పుడు అనాల్సినవి అన్నీ అనేశాను కాబట్టి ఈ ఉత్తరంలో ఏమీ లేవు. ప్రేమ్ కొట్టుదాకా వినబడ్డాయని అర్చన రాసింది.

ఊరికొచ్చిన తొందరలో సమీక్ష సంగతి సరిగ్గా చెప్పలేదు. బాపు వరుసను కొట్టేయలేదు, అదే ముందు పెట్టాను. ఒకరు అడిగారు, ఈ మనిషి తనకు తాను దూరంగా వచ్చాడు, మీ కొలత తప్పలేదా అని. రెండో గొంతు మా నాన్నది కాదు, మా మేనమామది, ఇది నాకు కొలతే చెప్పింది, ఇంట్లోవాళ్ళు కాదు అన్నాను. మా సార్ కిటికీ వైపు చూస్తూ కళ్ళజోడు తుడుచుకున్నారు. ఫెలోషిప్ ఇంకో రెండేళ్ళు పొడిగించారు.

నేను అక్కడున్నప్పుడు బాపును ఒక్కణ్ణే బూత్‌లో కూర్చోబెట్టి మూడో క్యాసెట్ చేశాను. నీకు చెప్పలేదు. ఆస్పత్రిలో నేర్పిన పద్ధతిలో గాలి మింగి, బయటికి నెట్టి, ఒక్కో మాట అన్నాడు. మధ్యలో రెండుసార్లు తనే టేప్ ఆపేశాడు. మూడోసారి ఏనుగు వాక్యం మొత్తం చెప్పాడు. ఏనుగు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

నిన్న కొలిచాను. పాత బాపుకు చాలా దూరం వచ్చింది. దగ్గరగా వస్తుందేమోనని లోపల ఆశ ఉండేది, రాలేదు. నీకు ఇంకా దూరం. నీ అంత పెద్ద రేకులో కూడా పట్టలేదు మామా. ఈ గొంతు నువ్వు తీయలేవు. ఎవరికీ దగ్గర కాదు. కాబట్టి కొత్త వరుస తెరిచి, బాపు పేరే రాశాను.

పాతదీ కొత్తదీ కలిసేది సున్నా దగ్గరే. ఫోన్ ఎత్తగానే మాట బయటికి రాకపోయినా ఫరవాలేదని బాపుకు చెప్పు. నేను ఆగుతాను.

వచ్చే ఆదివారం ఆయనే మాట్లాడాలి. పలక వద్దు. నువ్వు బూత్ బయట నిలబడు, తలుపు మూసి.

కోమల


చంద్రపూర్
ఫిబ్రవరి, 1997

చిరంజీవి కోమలకు,

నిలబడ్డాను. తలుపు మూసి, పిడి పట్టుకుని మరీ నిలబడ్డాను.

అద్దంలోంచి బావ వీపు కనబడింది. రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు భుజాలు కదల్లేదు. తరవాత ఒకసారి లేచాయి. ఇంకోసారి లేచాయి. మాట నెట్టినప్పుడల్లా లేస్తున్నాయి. ఏమంటున్నాడో వినబడలేదు. నా బూత్‌లో మాట నాకు వినబడకపోవడం ఇదే మొదలు.

భూమన్న వచ్చి అడిగాడు.

"లోపల ఎవలు?"

"బావ. బిడ్డతోటి మాట్లాడుతుండు."

"ఏమంటుండు?"

"నాకు తెల్వది."

"నీకు తెల్వదా?" అని నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవలకు చెప్తున్నవ్ ధనరాజ్?" నిజం చెప్తే నమ్మేవాళ్ళు లేరు నాకు.

బావ బయటికొచ్చాడు. ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది, నన్ను చూడలేదు. నేరుగా కొట్టుకు పోయి పలక తెచ్చాడు. నన్ను తిడతాడేమో అనుకున్నాను. జిలేబీ అని రాశాడు. తుడిచి, నీ గొంతుతోనే అని రాశాడు.

ప్రేమ్‌కు ఫోన్ చేశాను. "ప్రేమ్‌సేట్, రెండు కిలోల జిలేబీ మా బావ కొట్టుకు పంపు" అన్నాను, నేను నేనుగా.

ప్రేమ్ మెల్లగా అడిగాడు:

"ఎవలు మాట్లాడుతున్నరు?"

మీ మామ,
ధనరాజ్